బెంగళూరులో ఇల్లు కొనేముందు ఏప్రిల్‌లో ఏం చూడాలి?

ఉగాది వెళ్లగానే బెంగళూరులోని తెలుగు ఇళ్లలో ఫ్లాట్ల మాటలు ఊపందుకుంటాయి. జూన్‌లో బడులు తెరిచేలోపు ఇల్లు మారాలి. వైశాఖంలోనో జ్యేష్ఠంలోనో గృహప్రవేశానికి ముహూర్తం దొరకాలి. ఆషాఢం వచ్చిందంటే ఎవరూ పాలు పొంగించరు, మధ్యలో మూఢం పడితే ఆ కాస్త వ్యవధీ పోతుంది. అందుకే మారతహళ్లి, వర్తూరు, సర్జాపుర రోడ్డు, హొరమావు, ఎలక్ట్రానిక్ సిటీ వైపు మనవాళ్లు శని, ఆదివారాల్లో ఎండనపడి సైట్లు, ఫ్లాట్లు చూస్తూ తిరుగుతుంటారు.

ఈ ఊళ్లో ఇల్లు చూడటానికి ఎండాకాలమే సరైన సమయమని నా గట్టి నమ్మకం. నీళ్లున్నాయా, పడకగదిలో రాత్రి నిద్ర పడుతుందా అన్న రెండు ప్రశ్నలకు జవాబు డిసెంబరులో దొరకదు, ఏప్రిల్‌లో దొరుకుతుంది. అయితే ఇదే ఎండాకాలం మూడో సంగతిని పూర్తిగా దాచేస్తుంది. అది వరద. మార్చిలో ఎండిపోయి, గడ్డి మొలిచి, పిల్లలు క్రికెట్ ఆడుకునే చోటు సెప్టెంబరులో కాలువ కావచ్చు. కాబట్టి కళ్లతో చూడాల్సినవి కొన్ని, కాగితాల్లో చూడాల్సినవి కొన్ని. ఏది ఎలా చూడాలో తెలియాలంటే ముందు ఈ ఊరికి నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయో తెలియాలి.

నీళ్లు ఎక్కడివి?

బెంగళూరు సముద్రమట్టానికి దాదాపు 920 మీటర్ల ఎత్తున, ఒక గట్టు మీద ఉంది. పక్కన పెద్ద నది లేదు. కావేరి నీటిని దాదాపు 100 కిలోమీటర్ల దూరం నుంచి, తొరెకాడనహళ్లిలో శుద్ధి చేసి, మూడు చోట్ల పంపులతో అర కిలోమీటరు ఎత్తుకు ఎక్కించి ఊళ్లోకి తెస్తారు. ఈ పథకం మొదటి దశ నీళ్లు 1974లో వచ్చాయి. ఊరు పెరిగేకొద్దీ దశలు పెరిగాయి. 2007లో చుట్టుపక్కల 110 గ్రామాలను నగరపాలికలో కలిపారు కానీ వాటికి కావేరి పైపులు వెంటనే రాలేదు. రోజుకు 77.5 కోట్ల లీటర్లు అందించే అయిదో దశ 2024 అక్టోబరు 16న మొదలైంది, అది ముఖ్యంగా ఆ గ్రామాల కోసమే. అంటే, ఐటీ ఉద్యోగాల కోసం వచ్చిన మనవాళ్లు ఎక్కువగా స్థిరపడిన తూర్పు, ఆగ్నేయ ప్రాంతాల్లో చాలాచోట్ల పదిహేడేళ్ల పాటు బోర్ల మీద, ట్యాంకర్ల మీదే కాపురాలు నడిచాయి.

2024 వేసవిలో ఆ కాపురాలు ఎంత సన్నటి ఆధారం మీద నిలబడ్డాయో బయటపడింది. నగరంలో దాదాపు 14 వేల ప్రభుత్వ బోర్లలో 6,900 వరకూ ఎండిపోయాయి. తన ఇంటి బోరు కూడా ఎండిపోయిందని ఉప ముఖ్యమంత్రి డి.కె. శివకుమార్ స్వయంగా చెప్పారు. తాగునీటితో కార్లు కడిగినా, తోటకు పెట్టినా, నిర్మాణానికి వాడినా 5 వేల రూపాయల జరిమానా అని జలమండలి ప్రకటించింది. ట్యాంకర్ల ధరలకు జిల్లా యంత్రాంగం పరిమితి పెట్టింది. అయిదు కిలోమీటర్ల లోపైతే 12 వేల లీటర్లకు వెయ్యి రూపాయలు, అయిదు నుంచి పది కిలోమీటర్లయితే 1,200.

ఇంత జరిగాక, అయిదో దశ వచ్చాక, ఇక టెన్షన్ లేదనుకోవచ్చా? బ్రోకర్లు అలాగే చెబుతారు. 'కావేరి ఉందండీ' అనే ఆ ఒక్క మాటలో మూడు వేర్వేరు సంగతులు ఇమిడి ఉంటాయి. కనెక్షన్ కోసం దరఖాస్తు పెట్టారేమో. లేదా పైపు గేటు దాకా వచ్చి మీటరు బిగించారేమో. లేదా నిజంగానే సంపులోకి రోజూ నీళ్లు పడుతున్నాయేమో. కొనేవాడికి పనికొచ్చేది మూడోది ఒక్కటే. అది తేల్చుకోవడానికి జలమండలి బిల్లు అడగాలి. బిల్లు మీద కనెక్షన్‌ను గుర్తించే ఆర్‌ఆర్ నంబరు ఉంటుంది, ఆ నెలలో వాడిన నీటి లెక్క ఉంటుంది. ఆ లీటర్లను కాపురమున్న ఫ్లాట్ల సంఖ్యతో, నెల రోజులతో భాగించండి. నలుగురున్న కుటుంబానికి మనిషికి 135 లీటర్ల ప్రమాణం చొప్పున రోజుకు 540 లీటర్లు కావాలి. భాగించగా 100 లీటర్లే వస్తే మిగతా 440 ఎక్కడివి అన్నది మీ తర్వాతి ప్రశ్న.

ఆ ప్రశ్న ఖరీదు ఎంతో చూద్దాం. వంద ఫ్లాట్లున్న అపార్ట్‌మెంట్‌కు ఇదే లెక్కన రోజుకు 54 వేల లీటర్లు కావాలి. కావేరి లేదు, బోరు ఎండింది అనుకుంటే రోజుకు నాలుగున్నర ట్యాంకర్లు. వెయ్యి రూపాయల ధరకే దొరికినా నెలకు 1,35,000. ఫ్లాటుకు 1,350. ధర రెట్టింపైతే 2,700. ఇది మామూలు మెయింటెనెన్స్‌కు అదనం. ఇరవై ఏళ్ల హోమ్ లోన్ ఈఎంఐని రూపాయితో సహా లెక్కవేసుకునే మనం, ఈ ఖర్చును ఒక్కసారి కూడా లెక్కలోకి తీసుకోకుండా సంతకం పెట్టేస్తున్నాం. పైగా డబ్బొక్కటే సమస్య కాదు. 2024లో డబ్బు పట్టుకుని నిలబడినా ట్యాంకర్ రాని రోజులున్నాయి, ఎందుకంటే ట్యాంకర్లు నింపుకునే బోర్లు కూడా అదే నేల కింద ఉన్నాయి.

పాత ఫ్లాటు కొంటున్నట్టయితే అమ్మేవాళ్లను కాకుండా అసోసియేషన్ కోశాధికారిని కలవండి. గత రెండేళ్ల మార్చి, ఏప్రిల్, మే నెలల ట్యాంకర్ బిల్లులు, ఆ నెలల మెయింటెనెన్స్ లెక్కలు చూపించమనండి. మంచి అసోసియేషన్లు దాచవు. చూపించడానికి వెనకాడితే అదీ ఒక జవాబే. లిఫ్టు దగ్గర కనిపించిన ముసలాయన్ని 'పోయిన వేసవిలో నీళ్లు ఎన్ని గంటలు వదిలారు తాతగారూ' అని అడగడం ఇంకా మంచిది. బ్రోషర్‌లో లేని సంగతులు అక్కడ తెలుస్తాయి.

బోరు మీద ఇంత నమ్మకం ఎందుకు?

సొంతిల్లు కట్టుకునేవాళ్లు, 30-40 అడుగుల సైటు కొనేవాళ్లు ఎక్కువగా అనే మాట, 'పక్క సైట్లో మూడు వందల అడుగులకే పడింది, మనకీ పడుతుంది.' రాయలసీమ నుంచి వచ్చినవాళ్లకు ఈ మాట ఎంత ప్రమాదమో వేరే చెప్పక్కర్లేదు. బెంగళూరు కింద ఉన్నది గట్టి రాయి. లాల్‌బాగ్‌లో బయటికి కనిపించే గుట్ట ఆ రాయి ముక్కే, వయసు దాదాపు 300 కోట్ల సంవత్సరాలు. ఇసుక నేలలో నీరు అన్ని వైపులా పరుచుకుని ఉంటుంది. ఇక్కడ అలా ఉండదు. రాతిలో చీలికలున్న చోట మాత్రమే నీరు నిలుస్తుంది. పక్కవాళ్ల బోరు ఆ చీలికను తాకి, మీ బోరు ఇరవై అడుగుల దూరంలో దాన్ని తప్పిపోతే వెయ్యి అడుగులు దిగినా దుమ్మే వస్తుంది. ఒకే చీలిక మీద రెండు బోర్లు పడితే, లోతుగా వేసినవాడు పైవాడి నీటిని లాగేసుకుంటాడు. ఈ ఊళ్లో ఎండాకాలంలో ఇరుగుపొరుగు గొడవల్లో చాలావాటికి మూలం ఇదే. బెంగళూరు అర్బన్ జిల్లాలో భూమిలోకి ఇంకే నీటికన్నా తోడే నీరే ఎక్కువని కేంద్ర భూగర్భజల మండలి లెక్కలు చెబుతున్నాయి. కొత్త బోరుకు ముందుగా అనుమతి కూడా తీసుకోవాలి. కాబట్టి ఇంటి బడ్జెట్‌లో 'బోరు' అని ఒక గీత గీసి వదిలేయొద్దు, అది పడకపోతే ఏం చేస్తామో కూడా పక్కనే రాసుకోవాలి.

పడిన బోరైనా ఎలాంటి నీరిస్తుందన్నది ఇంకో సంగతి. లోతుకు వెళ్లేకొద్దీ నీటిలో లవణాలు పెరగడం మామూలే. తాగునీటికి భారతీయ ప్రమాణం ప్రకారం కరిగిన లవణాలు లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు ఉండాలి, వేరే దిక్కు లేకపోతే 2,000 దాకా ఒప్పుకుంటారు. కాఠిన్యానికి ఈ హద్దులు 200, 600. ఫ్లాటు చూడటానికి వెళ్లినప్పుడు బాత్‌రూమ్ కుళాయి మొదట్లో, గాజు తలుపు మీద, గీజరు కింద తెల్లటి పొర ఉందేమో చూడండి. కొత్తగా తుడిచినా మూలల్లో మిగిలే ఉంటుంది. ఒక సీసాలో నీళ్లు పట్టి ల్యాబ్‌లో పరీక్ష చేయించడానికి అయ్యే ఖర్చు, రిజిస్ట్రేషన్ ఖర్చు ముందు లెక్కలోకే రాదు. ఆ పరీక్ష ఏప్రిల్ నీటికే చేయించాలి. వానాకాలం నీరు పలచబడి మంచి మార్కులు తెచ్చుకుంటుంది.

ఎండ దాచే సంగతి

ఇప్పుడు వరద. మన నెల్లూరు దాకా పారే పెన్న, తమిళనాడుకు వెళ్లే దక్షిణ పినాకిని, రెండూ బెంగళూరుకు ఉత్తరాన నంది కొండల్లోనే పుట్టాయి. ఊరు గట్టు మీద ఉందన్నాం కదా, ఆ గట్టుకు పడమటి వాలులో పడిన వాన అర్కావతి మీదుగా కావేరికి, తూర్పు వాలులో పడింది దక్షిణ పినాకినికి చేరుతుంది. తూర్పు వాలు నీటిలో చాలా భాగం చెరువు నుంచి చెరువుకు దిగుతూ బెళ్లందూరు చెరువులోకి, అక్కడి నుంచి వర్తూరు చెరువులోకి వస్తుంది. ఈ చెరువులను కలిపే కాలువలను ఇక్కడ రాజకాలువెలు అంటారు.

దీన్నిబట్టి ఒక విచిత్రం అర్థమవుతుంది. 2024 మార్చిలో ట్యాంకర్ల కోసం ఎదురుచూసిన, ఊరికి తూర్పున ఉన్న మహదేవపుర ప్రాంతమే, 2022 సెప్టెంబరులో నీట మునిగి ట్రాక్టర్ల మీద జనం ఆఫీసులకు వెళ్లిన ప్రాంతం. ఊరి పైప్‌లైన్‌కు చివరన, ఊరి మురుగుకు, వాననీటికి దిగువన ఉండటమే రెండు కష్టాలకూ కారణం. వరద సెప్టెంబరులోనే వస్తుందనీ కాదు. 2025 మే నెలలో, ఇంకా నైరుతి రుతుపవనాలు రాకముందే, హొరమావు దగ్గరి సాయి లేఅవుట్‌లో ఇళ్లలోకి నీళ్లు వచ్చాయి.

ఎండలో సైటు చూసేటప్పుడు రాజకాలువె కనిపించకపోవచ్చు. మీద పలకలు వేసి రోడ్డు చేసి ఉండొచ్చు, పక్కకు జరిపి ఉండొచ్చు. అందుకే కళ్లను నమ్మకుండా గ్రామ రెవెన్యూ మ్యాపు చూడాలి. కర్ణాటక ప్రభుత్వ 'దిశాంక్' యాప్‌లో మీరు నిలబడ్డ చోటి సర్వే నంబరు కనిపిస్తుంది, చుట్టూ ఉన్న చెరువు, కాలువల గుర్తులు కూడా పోల్చుకోవచ్చు. నగర మాస్టర్ ప్లాన్ 2015 ప్రకారం పెద్ద కాలువకు 50, మధ్య రకానికి 25, చిన్నదానికి 15 మీటర్ల మేర ఖాళీ వదలాలి. 2016లో జాతీయ హరిత ట్రిబ్యునల్ ఈ హద్దుల్ని పెంచింది, 2019 మార్చిలో సుప్రీంకోర్టు ఆ పెంపును కొట్టేసింది. నిబంధనలు మారుతూ ఉంటాయి కాబట్టి, మీ లాయరు కొనే రోజున ఏది అమల్లో ఉందో రాసి ఇవ్వాలి. నీటికి మాత్రం తీర్పులతో పనిలేదు, పల్లం ఎటుంటే అటు వస్తుంది. బేస్‌మెంట్ పార్కింగ్ గోడలకు మోకాలి ఎత్తున చారలున్నాయేమో, గోడ అడుగున కొత్త రంగు ఒక పట్టీలా వేసి ఉందేమో చూడండి. కరెంటు ప్యానెళ్లు, జనరేటర్ బేస్‌మెంట్‌లో ఉన్నాయా, పైన ఉన్నాయా అన్నది కూడా అడగాల్సిందే.

నైరుతి గదిలో రాత్రి పది గంటలకు

బెంగళూరంటే చల్లని ఊరన్న పేరు ఇంకా ఉంది. 2016 ఏప్రిల్‌లో ఇక్కడ 39.2 డిగ్రీలు నమోదైంది, 2024 ఏప్రిల్ చివర్లో 38.5కు చేరింది. విజయవాడతో, కడపతో పోలిస్తే ఇది ఎండే కాదని మనవాళ్లు కొట్టిపారేస్తారు. తేడా ఏమిటంటే అక్కడి ఇళ్లలో ఎండను తట్టుకోవడానికి ఏదో ఒక ఏర్పాటు ఉంటుంది. ఇక్కడి బిల్డర్లు ఊరు చల్లగా ఉంటుందన్న పాత నమ్మకంతోనే కడుతున్నారు.

సూర్యుడి దారి కొంచెం చూద్దాం. బెంగళూరులో ఏటా ఏప్రిల్ 24 ప్రాంతంలో మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు, నిలబెట్టిన కర్రకు నీడ పడదు. ఆ తర్వాత ఆగస్టు మూడో వారం దాకా మధ్యాహ్న సూర్యుడు మనకు ఉత్తరం వైపు ఉంటాడు. అందువల్ల ఎండాకాలంలో దక్షిణపు గోడకు ఎండ పెద్దగా తగలదు. ఎండ దెబ్బంతా పైకప్పు మీద, ఆ తర్వాత ఉదయం తూర్పు గోడ మీద, సాయంత్రం పడమటి గోడ మీద పడుతుంది.

మనం వాస్తు చూసి తూర్పు గుమ్మం కావాలంటాం, మాస్టర్ బెడ్‌రూమ్ నైరుతిలో ఉండాలంటాం. పెంకుటింట్లో మందపాటి మట్టిగోడ, దాని ముందు వసారా ఉన్నప్పుడు నైరుతి గది హాయిగానే ఉండేది. ఇప్పుడు ఆ గదికి బయటి గోడ ఆరంగుళాల కాంక్రీటు దిమ్మె, లేదా మివాన్ అనే అచ్చుల పద్ధతిలో పోసిన పూర్తి కాంక్రీటు. మధ్యాహ్నం రెండు నుంచి ఆరు దాకా పడమటి ఎండను తాగిన ఆ గోడ, రాత్రి పదకొండు దాకా మంచం వైపు వేడిని వదులుతూనే ఉంటుంది. పై అంతస్తయితే స్లాబు కూడా తోడవుతుంది, ఫ్యాను ఆ వేడినే కిందికి తోస్తుంది. వాస్తు వదిలేయమని నేను చెప్పను, అది ఇంటివాళ్ల మనసుకు సంబంధించింది. నైరుతి గదే కావాలంటే పడమటి గోడకు నీడ కూడా కావాలని అడగండి. బాల్కనీ ఉందా, ఎదురు బ్లాకు నీడ పడుతుందా, లోపల గాలి బుడగలున్న తేలిక దిమ్మెలు వాడారా, కాంక్రీటా అన్నది తెలుసుకోండి. ఈ తేలిక దిమ్మెలనే ఏఏసీ బ్లాకులంటారు, ఇవి కాంక్రీటు కన్నా ఎన్నో రెట్లు తక్కువ వేడిని లోపలికి పంపుతాయి.

సైట్ విజిట్‌కు బిల్డర్లు పొద్దున పదకొండుకు రమ్మంటారు, ఏసీ వేసిన శాంపిల్ ఫ్లాటు చూపిస్తారు. మీరు ఏప్రిల్ సాయంత్రం ఏడున్నరకు, మీరు కొనబోయే అదే ఫ్లాటుకు వెళ్లి పడమటి గోడ మీద అరచెయ్యి ఆనించండి. అర నిమిషం చాలు.

ఇప్పటికే అలాంటి ఇంట్లో ఉంటున్నవాళ్లు ఏం చేయాలి? లోపల మందపాటి కర్టెన్లు వేస్తే సగమే లాభం, అద్దం దాటి వేడి అప్పటికే గదిలోకి వచ్చేసి ఉంటుంది. నీడ అద్దానికి బయట ఉండాలి. వెదురు తడకలు, బాల్కనీలో తీగలు, సొంతిల్లయితే పడమట ఒక కానుగ చెట్టు. కిటికీ పైన ఉండే సన్‌షేడు పడమట అంతగా పనిచేయదు, సాయంత్రం సూర్యుడు దాని కింద నుంచి నేరుగా లోపలికి చూస్తాడు. స్లాబు మీద తెల్లటి కూల్ రూఫ్ పూత వేయించడం అన్నిటికన్నా తక్కువ ఖర్చుతో ఎక్కువ ఫలితమిచ్చే పని. తెలంగాణ ప్రభుత్వం 2023లో దీనికోసం ప్రత్యేకంగా ఒక విధానమే తెచ్చింది.

వానలు రాకముందు

ఈ పూత వేయించేముందు చేయాల్సిన పని ఒకటుంది. స్లాబు మీద పగుళ్లు వెతకడం. 2024 వేసవిలో తాగునీటిని నిర్మాణానికి వాడొద్దన్నప్పుడు చాలామంది శుద్ధి చేసిన మురుగునీటితో పని నడిపించారు, కొందరు తడపడమే తగ్గించారు. కాంక్రీటు గురించిన మన జాతీయ ప్రమాణం, వేడిగా పొడిగా ఉండే వాతావరణంలో కనీసం 10 రోజులు తడిపి ఉంచాలంటుంది. ఫ్లైయాష్ లాంటివి కలిసిన సిమెంటైతే 14 రోజుల దాకా పొడిగించమంటుంది. ఇప్పుడు దొరికే సిమెంటులో చాలా భాగం అలాంటిదే. తడపడం తగ్గితే మీద వెంట్రుకల్లాంటి పగుళ్లు వస్తాయి. ఎండాకాలంలో అవి ఎవరికీ కనిపించవు, మామిడి జల్లులు పడ్డాక కింది గది సీలింగు మీద మరకలై తేలతాయి. ముందు పగుళ్లు పూడ్చి, నీరు పైపు వైపు వాలుతోందో లేదో చూసి, ఆ తర్వాతే పూత వేయాలి. పగుళ్ల మీదే రంగు పూస్తే ఒక్క వానకు లేచిపోతుంది. బెంగళూరులో మే నెలలోనే గట్టి వానలు పడతాయి కాబట్టి ఈ పనులు ఏప్రిల్‌లో అయిపోవాలి.

వాననీటి గుంత కూడా ఈ నెలలోనే శుభ్రం చేయించాలి. కొత్తగా కట్టే ఇంటికి సైటు 30-40 ఉంటే వాననీటి సేకరణ తప్పనిసరి, లేకపోతే నీటి బిల్లు మీద అదనపు భారం పడుతుంది. చాలామంది అధికారులకు చూపించడానికి ఒక గుంత తవ్వి వదిలేస్తారు, అది నాకు చాలా బాధ కలిగించే విషయం. వెయ్యి చదరపు అడుగుల పైకప్పు మీద ఈ ఊరి సగటు వాన 970 మిల్లీమీటర్లు పడితే, వృథా పోగా ఏటా దాదాపు 72 వేల లీటర్లు చేతికొస్తాయి. అంటే ఆరు పెద్ద ట్యాంకర్లు, నలుగురి కుటుంబానికి నాలుగు నెలల వాడకం. అంతా నిల్వ చేయలేం, నిజమే. కొంత సంపులోకి, మిగతాది బోరు పక్కన ఇంకుడు గుంతలోకి పంపినా చాలు.

కాగితాల సంగతి రెండు ముక్కల్లో. ఆస్తికి నగరపాలిక ఇచ్చే డిజిటల్ పత్రం ఈ-ఖాతా లేకుండా ఇప్పుడు బెంగళూరులో రిజిస్ట్రేషన్ జరగదు కాబట్టి దాని గురించి అందరూ అడుగుతున్నారు. ఓసీ, అంటే నివాసయోగ్య పత్రం, గురించి కూడా అంతే పట్టుదలగా అడగాలి. ఆ పత్రం చూపించాకే నీటి, కరెంటు కనెక్షన్లు ఇవ్వాలని సుప్రీంకోర్టు 2024 డిసెంబరు 17న చెప్పింది. ఓసీ లేని భవనానికి 'కావేరి త్వరలో వస్తుంది' అన్న మాటకు ఆధారం ఏముందో మీరే ఆలోచించండి.

ఫ్లాటు తీసుకుని అయిదేళ్లు దాటనివాళ్లకు రెరా అనే స్థిరాస్తి నియంత్రణ చట్టంలోని 14(3) సెక్షన్ ఉంది. నిర్మాణంలో, పనితనంలో, సౌకర్యాల్లో లోపం బయటపడితే, స్వాధీనం చేసుకున్న తేదీ నుంచి అయిదేళ్లలోపు చెబితే, బిల్డరు 30 రోజుల్లో ఉచితంగా బాగుచేయాలి. ఈ ఏప్రిల్‌లో పైకప్పు మీద కనిపించిన పగుళ్లకు తేదీ పడేలా ఫొటోలు తీసి, బిల్డరుకు ఈ-మెయిల్ పంపండి, నకలు అసోసియేషన్‌కు పెట్టండి. జూన్‌లో అక్కడి నుంచే నీరు దిగితే, అది అంతకుముందే ఉన్న లోపమని చూపించడానికి ఆ మెయిల్ పనికొస్తుంది.